వానలకి ముందు మట్టి తవ్వుతున్నారా, పార పట్టే ముందు ఇది చదవండి

పోయిన వానల ముందు కుండీ మార్చుదామని బోర్లించి తడితే మట్టిముద్దలోంచి నల్లగా మెరుస్తూ ఒకటి జారిపడింది. వానపామే కదా అని అరచేతిలో వేసుకున్నా, కానీ ఒంటి మీద ఆ ఉంగరాల గీతలు లేవు, జిగురు లేదు, గాజుపూసలా నున్నగా ఉంది, వేళ్ళ సందుల్లోకి దూరిపోతూ తోకతో చుక్కున గుచ్చింది. నా పని అయిపోయింది అనుకున్నా. ఫోన్‌లో జూమ్ చేస్తే బుల్లి నాలుక ఆడిస్తోంది, గుడ్డిపాము! ఆ గుచ్చిందానిలో విషం గిషం ఏం లేదు, తోక చివర ముల్లులాంటి పొలుసు ఉంటుంది, దాన్ని మట్టిలో ఆనించి ఒంటిని ముందుకి తోసుకుంటుంది, నా చెయ్యి కూడా దానికి మట్టే కదా.

అప్పట్నుంచి నాకో నమ్మకం, భూమి లోపల బతికే వాటి ఒళ్ళు ఎందుకలా ఉందో తెలిస్తే ఏది పనికొచ్చే జాగ్రత్తో ఏది ఉత్త కంగారో మనకే తెలిసిపోతుంది.

పెద్ద వాన పడితే మట్టిలో గాలి ఉండే సందులన్నీ నీళ్ళతో నిండిపోతాయి, లోపల ఊపిరాడదు, అందుకే పైకొస్తాయి. గుడ్డిపాము 15 సెంటీమీటర్లు అటూ ఇటూగా దారంలా ఉంటుంది కాబట్టి బాత్రూం జాలీ కంత చాలు దానికి. వానలకి ముందే జాలీకి సన్న మెష్ వేయండి, తలుపు కింద సందు మూయండి. ఒకవేళ వచ్చినా దాని నోరు మనల్ని కరిచేంత లేదు, చీమల గుడ్లూ చెదల గుడ్లూ తినే నోరది. కళ్ళు పొలుసు కింద రెండు నల్ల చుక్కలు, అంతే. కుండీల మట్టిలో దాక్కుని దేశాలు దాటిన రకం ఒకటుంది, అన్నీ ఆడవే, మగ లేకుండానే గుడ్లు పెట్టేస్తాయి, అంటే ఒక్కటి వెళ్ళినా చాలు. అందుకని ఎవరికైనా మొక్క ఇచ్చేటప్పుడు మట్టి ఓసారి తట్టి చూడండి.

ఇప్పుడు అసలు భయపడాల్సింది. సొరంగంలో వెడల్పాటి తల ఉంటే ఇరుక్కుంటుంది కాబట్టి మట్టిలో బతికే పాముల్లో చాలావాటికి మెడ అంటూ కనబడదు, తలా ఒళ్ళూ ఒకటే లావు, కొన్నిటికి తోక కూడా మొండిగా తలలాగే ఉంటుంది. రెండు తలల పాము అనేది అదే, ఉన్నది ఒక్క తలే, ప్రమాదం అనిపిస్తే దాన్ని చుట్టల కింద దాచి తోక చూపిస్తుంది. తోక అనుకుని పట్టుకుంటే అది తల కావచ్చు. దానికి విషం లేదు సరే, కానీ ఆఫ్రికాలో, మధ్యప్రాచ్యంలో అట్రాక్టాస్పిస్ అని ఒకటుంది, అదే నల్లటి నున్నటి ఒళ్ళు, అవే చిన్న కళ్ళు, దీనికి మాత్రం విషం ఉంది. ఇరుకులో నోరు తెరిచే చోటు ఉండదు కదా, అందుకని నోరు దాదాపు మూసే ఉంచి ఒక కోరని పక్కకి బయటపెట్టి పొడుస్తుంది! తల వెనక పట్టుకున్నా వదలదు, పాములు పట్టడం తెలిసినవాళ్ళే దీని దగ్గర దెబ్బతింటారు. కాబట్టి అచ్చం గుడ్డిపాములా ఉందే అనిపించినా ఒట్టి చేత్తో తీయకండి, నేను చేసింది తప్పే.

తవ్వేటప్పుడు మందం గ్లవ్స్, బూట్లు తప్పనిసరి. మట్టిని చేతులతో ఎత్తొద్దు. రాయి లేపేటప్పుడు అవతలి అంచు ముందు లేచేలా మీ వైపుకి వాల్చండి, అప్పుడు కింద ఏమున్నా మీకూ దానికీ మధ్య ఆ రాయే అడ్డం ఉంటుంది. మొదలెట్టే ముందు పారతో నేల నాలుగు దెబ్బలు కొట్టి కాసేపు ఆగండి, పాముకి బయటకి చెవుల్లేకపోయినా నేల అదురు దవడ ఎముకలోంచి లోపలి చెవికి చేరుతుంది. కచ్చితంగా పారిపోతుందనేం కాదు, అయినా పోయేదేముంది.

బొరియ కనబడలేదు కాబట్టి ఏమీ లేదు అనుకోవద్దు, ముఖ్యంగా ఇసుకలో. ఎడారుల్లో ఒక నలికిరి రకం ఉంది, 2009లో ఎక్స్‌రే తీసి చూస్తే కాళ్ళు ఒంటికి ఆనించేసి ఇసుకలో ఈదుతోంది, వెనక ఇసుక మూసుకుపోతుంది, ఇంక కంత ఎక్కడ కనబడుద్ది. అలాంటి ఇసుకలోనే కొమ్ముల విషసర్పం కళ్ళు మాత్రం బయటపెట్టి పూడుకుని ఉంటుంది, ఉత్త కాళ్ళతో తిరగొద్దు. ఇక బొరియ కనబడితే అసలే చెయ్యి పెట్టొద్దు, తాచులాంటివి తవ్వవు, ఎలుకలు తవ్విన దాంట్లో దూరతాయి.

ఏదైనా కరిస్తే గుడ్డిపామే అయ్యుంటుందిలే అని కూర్చోకండి. ఉంగరాలూ గాజులూ తీసేసి ఆ చెయ్యి కదపకుండా ఆస్పత్రికి పోండి. తాడు బిగించడం, కోయడం, పీల్చడం, ఐసు పెట్టడం ఏదీ వద్దు, పాముని చంపి తీసుకెళ్ళక్కర్లేదు, దూరం నుంచి ఫోటో దొరికితే సరే.

ఇంట్లో గుడ్డిపాములాంటిది కనబడితే ఉప్పు, కిరోసిన్, వేడినీళ్ళు పోయకుండా అట్టముక్కతో డస్ట్‌పాన్‌లోకి తోసి నీడలో తడిమట్టి మీద వదలండి, ఎండలో వదిలితే ఎండిపోయి చస్తుంది. నాదాన్ని అలాగే వదిలా. మూతి ఆనించి రెండుసార్లు అటూ ఇటూ తిప్పింది, ఒళ్ళంతా లోపలికి జారిపోయి చివర్న ఆ తోక ముల్లు ఒక్కటే కాస్త కనబడి అదీ మాయమైంది.