ఎలక్ట్రిక్‌గా మార్చిన కారులో ఏసీ, హీటర్ బిగించే ముందు

ఎండలు ముదిరేలోపు పెట్రోల్ నుంచి బ్యాటరీకి మార్చిన కారులో ఏసీ పని పెట్టుకుంటున్నారా? గ్యాస్ కొట్టించే ముందు ఇవి చూసుకోండి.

• కంప్రెసర్ ఆయిల్. అన్నిటికంటే ఖరీదైన తప్పు ఇదే. ఇంజిన్ బెల్టుతో తిరిగే కంప్రెసర్లలో వాడే మామూలు పీఏజీ రకం ఆయిల్ కరెంటును కొంత పోనిస్తుంది. ఎలక్ట్రిక్ కంప్రెసర్‌లో మోటారు వైండింగ్ ఆ ఆయిల్‌లోనే తడుస్తూ ఉంటుంది. అంటే బ్యాటరీ వోల్టేజీ నేరుగా బాడీకి లీకయ్యే దారి మనమే వేసినట్టు. చాలావాటికి పీఓఈ అనే వేరే రకం ఆయిల్ కావాలి, లేబుల్ చదవండి. మెకానిక్ గ్యాస్ కొట్టే గేజ్ గొట్టాల్లో మిగిలిన పాత ఆయిల్ కూడా దెబ్బతీస్తుంది. గొట్టాలు శుభ్రం చేశారా అని మొహమాటపడకుండా అడగండి.

• పీఓఈ డబ్బా మూత తీసి పక్కన పెట్టొద్దు. గాలిలో తేమను లాగేస్తుంది.

• సర్వీస్ ప్లగ్ (బ్యాటరీ హై వోల్టేజీని విడదీసే ప్లగ్) తీసినా కెపాసిటర్లలో ఛార్జ్ మిగులుతుంది. మాన్యువల్‌లో చెప్పినంతసేపు ఆగి, మీటరులో వోల్టేజీ పోయిందని చూశాకే చెయ్యి పెట్టండి.

• బ్లోయర్ తిరగకపోతే హీటర్ ఆన్ కాకూడదు. పాత హీటర్ పెట్టె ప్లాస్టిక్ ఇంజిన్ వేడినీళ్లకు, అంటే సుమారు 90 డిగ్రీలకు చేసినది. కరెంటుతో వేడెక్కే పీటీసీ హీటర్ అంతకంటే చాలా ఎక్కువ వేడెక్కగలదు. థర్మల్ కటాఫ్ (వేడి మితిమీరితే కరెంటు ఆపేది) విడిగా పెట్టించండి.

• ఇంటి కరెంటుకు వాడే ఎంసీబీ పెట్టొద్దు. బ్యాటరీ ఇచ్చే డీసీలో ఆర్క్ (కరెంటు తెగేచోట లేచే మంటలాంటి మెరుపు) తనంతట ఆరదు. ప్యాక్ వోల్టేజీకి సరిపడే డీసీ ఫ్యూజే కావాలి.

• హై వోల్టేజీ మోసే ఆరెంజ్ కేబుల్ ఫైర్‌వాల్ (ఇంజిన్ గదికీ కూర్చునే చోటుకీ మధ్య రేకు) దాటేచోట రబ్బరు గ్రామెట్ (రంధ్రం అంచుకు వేసే రింగు) ఉందా? రేకు అంచు ఒరుసుకుంటే ఇన్సులేషన్ కోసుకుపోతుంది.