రెండు రోజులు నిలబెడితే చాలు, బ్యాటరీ దిగుతున్న పాత కారు

శనివారం తెచ్చి నిలబెట్టిన బండి సోమవారం పొద్దున కీ తిప్పితే టిక్కుమంటది, సెల్ఫ్ తీసుకోదు. నల్లగొండల మా పాత మారుతి 800 ఇట్లనే సతాయిస్తే బ్యాటరీ పోయిందనుకొని కొత్తది వేయించిన. నెల తిరగకముందే మళ్లీ నెట్టుడే. బ్యాటరీ మార్చే ముందు మీటరు (వోల్టులు, ఆంపులు కొలిచే మల్టీమీటర్) పట్టాలె, అది నాకు పైసలు పోయినంక తెలిసింది.

ఇంజన్ నడుస్తున్నప్పుడు బ్యాటరీ మీద 13.8 నుంచి 14.4 వోల్టులు రావాలె. 13 దాటకుంటే లోపం చార్జింగులనే. బెల్టు, ఆల్టర్నేటర్ (ఇంజన్ తిరిగితే కరెంటు పుట్టించి బ్యాటరీ నింపేది) చూపించుకోండి. చార్జింగ్ బాగుంటే నిండు బ్యాటరీకి రాత్రి మైనస్ వైరు ఊడదీసి పెట్టండి. పొద్దునకు 12.6 దగ్గర్నే నిలిస్తే బ్యాటరీ మంచిదే, బండిలనే ఏదో కరెంటు తాగుతున్నది. వైరు తీసినా 12కు పడిపోతే బ్యాటరీయే ముసలిదైంది. నీళ్లు తగ్గితే డిస్టిల్డ్ వాటరే పొయ్యాలె. బోరు నీళ్లు వద్దు, మన జిల్లా నీళ్ల సంగతి మనకు వేరే చెప్పాల్నా!

ఇగ దొంగను పట్టుడు. కీ తీసేసి, డోర్లన్నీ మూసి, బానెట్ మాత్రం తెరిచి ఉంచండి. మీటరు ఎర్ర వైరును 10 ఆంపుల రంధ్రంల పెట్టి, ఊడదీసిన మైనస్ వైరుకూ బ్యాటరీ మైనస్‌కూ మధ్యల కలపండి. ఆ టైంల మర్చిపోయి సెల్ఫ్ కొట్టిన్రో, మీటరు ఫ్యూజు ఎగిరిపోతది. కొన్ని నిమిషాలు ఆగినంక 0.05 ఆంపుల లోపు చూపిస్తే భయం లేదు. నాకు 0.43 చూపించింది. చిన్నగనే కనబడతది గని, రెండు రోజులకు 20 ఆంపియర్-అవర్లు (బ్యాటరీల పట్టే కరెంటు లెక్క) దాటుతది. నా బ్యాటరీ మొత్తమే 35.

ఫ్యూజులు ఒక్కొక్కటే పీకుతూ అంకె చూడండి. నాలుగోది పీకంగనే 0.43 కాస్తా 0.02 అయింది. ఆ ఫ్యూజు మీద ఉన్నవి లోపలి లైటు, స్టీరియో. లైటు బల్బు తీసినా అంకె కదల్లే. స్టీరియో గుంజి చూస్తే వెనక ఎర్ర వైరు, పసుపు వైరు కలిపి మెలేసి ఉన్నయి, పైన చుట్టిన నల్ల టేపు ఎండకు కరిగి జిగటజిగట అయింది. పసుపుది టైము, స్టేషన్లు గుర్తుంచుకునేందుకు, దానికి ఎప్పుడూ కరెంటు ఉండాలె. ఎర్రది కీ తిప్పితేనే రావాలె. రెండూ కలిపితే సెట్టు రాత్రంతా మేలుకొనే ఉంటది. టెస్టర్ బల్బుతోటి కీ మీద వచ్చే వైరు వెతికి ఎర్రదాన్ని దానికి కలిపిన, అంతే.

ఫ్యూజులన్నీ తీసినా అంకె దిగకుంటే ఆల్టర్నేటర్ డయోడ్ (కరెంటును ఒక్క దిక్కే పోనిచ్చేది) మీద అనుమానం పెట్టుకోండి. రాత్రంతా నిలబడి ఇంజన్ చల్లగున్నా, పొద్దున ఆల్టర్నేటర్ ముట్టుకుంటే గోరువెచ్చగ తగిలితే అదే. విప్పి ఆటో ఎలక్ట్రీషియన్‌కు ఇస్తే డయోడ్ ప్లేటు మారుస్తడు.