మాల్హమ్ ఒక్క రోజులో చూడాలంటే

ఇంగ్లండ్‌లోని లీడ్స్ నగరం నుంచి స్కిప్టన్ దాకా రైలుంది, కానీ అక్కడినుంచి యార్క్‌షైర్ డేల్స్ అనే కొండలోయల ప్రాంతంలోని మాల్హమ్ ఊరికి బస్సులు తక్కువే, కాబట్టి ముందు తిరుగు బస్సు టైమ్ చూసుకుని బయల్దేరండి. ఊళ్లోంచి పొలాల మధ్య కాలిబాట పట్టుకుని జానెట్స్ ఫాస్ అనే చిన్న జలపాతం, ఆ తర్వాత గోర్డేల్ స్కార్ ఇరుకు లోయ చూసి, చివర్లో మాల్హమ్ కోవ్‌కి రండి. దాదాపు 80 మీటర్ల సున్నపురాయి కొండగోడ అది. మంచుయుగం చివర్లో కరిగిన నీళ్లు దాని పైనుంచి దూకేవట, 2015 డిసెంబరు వానలకి కాసేపు మళ్లీ దూకాయి కూడా! పక్కనే సుమారు 400 మెట్లు, ఎక్కితే పైనంతా పగుళ్లు పగుళ్లుగా బండలు. తడిస్తే జారతాయి, చెప్పులతో మాత్రం వెళ్లకండి. దారిలో గొర్రెల గేటు తీస్తే మళ్లీ వేసెయ్యండి.