భజన నేర్చుకుందాం – ఐదవ పాఠం: వంత పాడేవారి కోసం శ్రుతి

నాలుగవ పాఠం చివర రాసిన ఒక మాట చాలామందిని తప్పుదారి పట్టించిందని మీ ఉత్తరాలు చదివితే అర్థమైంది. నలుగురూ మెచ్చుకోవాలని పాడవద్దు, స్వామికి సమర్పణగా పాడండి అని అక్కడ రాశాను. అది చదివి కొందరు సాధనే మానేశారు. "స్వామికి కావలసింది భక్తి. శ్రుతి కలిసినా, కలవకపోయినా ఆయన వింటాడు" అని గుణుపురం నుంచి ఒక సోదరుడు రాశారు. పర్లాకిమిడి నుంచి ఒక తల్లి, తన కూతురు ఆ పాఠం చదివిన దగ్గర నుంచి మందిరంలో వెనక వరుసలో కూర్చుంటోందని, ఎంత పిలిచినా ముందుపాటకు (ముందు ఒక వరుస పాడి, వంత వారి చేత తిరిగి పాడించడానికి) రావడం లేదని బాధపడ్డారు. ఈ వారం మిశ్రచాపు (ఏడు దెబ్బల తాళం) మొదలుపెట్టాలనుకున్నాను గాని, ఈ సంగతి తేలకుండా ముందుకు వెళ్లడం మంచిది కాదు. కాబట్టి మిశ్రచాపు వచ్చే పాఠంలో చూద్దాం.

ముందుగా సాధన మానిన వారికి ఒక మాట. స్వామికే కదా అని బియ్యంలో రాళ్లు ఏరకుండా నైవేద్యం వండే ఇల్లాలు మన ఊళ్లలో ఎక్కడా ఉండదు. ఇంట్లోవారికి వండేటప్పటి కంటే ఆ రోజు ఇంకా ఎక్కువ శ్రద్ధ పెడుతుంది. పాటకూ అదే శ్రద్ధ కావాలి. శ్రుతి తప్పిన పాటను స్వామి వింటాడన్నది నిజమే, దాని మీద నాకు ఏ సందేహమూ లేదు. కానీ రోజూ అరగంట కూర్చోవడానికి బద్ధకించి, ఆ బద్ధకానికి భక్తి అని పేరు పెట్టుకోవడం ఆయన దయను అలుసుగా తీసుకోవడమే అవుతుంది. ఇక ఆ అమ్మాయి విషయానికి వస్తే, ఆమె వెనక్కి వెళ్లడం వల్ల ఆ మందిరంలో జరిగిందేమిటో చూడండి. అందరూ పట్టుకుని పాడదగిన గొంతు ఒకటి తగ్గింది. పొగుడుతారేమోనని పాడకపోవడంలో కూడా మనసు స్వామి మీద కాక మన మీదనే ఉంటుంది. అమ్మా, వచ్చే ఏకాదశి నాడు ఆమెను హార్మోనియం పక్కన కూర్చోబెట్టి ఒక్క నామం ఎత్తుకోమనండి. పెద్ద కీర్తన వద్దు, ఒక్క నామం చాలు.

మన విద్య సమర్పణ అయ్యిందా, ప్రదర్శన అయ్యిందా అని మనసును తరచి చూసుకుంటూ కూర్చుంటే ఒక పట్టాన తేలదు. భజనలో దాన్ని తేల్చే గుర్తు బయటే కనిపిస్తుంది. వంత పాడేవారు పాడుతున్నారా, లేదా? మన గొంతు వల్ల ఇరవై గొంతులు స్వామి పేరు పలికితే మన పని జరిగినట్టు. మన గొంతు విని ఆ ఇరవై మందీ నోరు మూసుకుంటే, అది ఎంత గొప్ప పాటైనా భజన కాలేదు.

అందువల్ల ఈ పాఠమంతా శ్రుతి గురించే. సరళి వరుసలు, ఆదితాళం లెక్క మొదటి రెండు పాఠాల్లోనే వచ్చాయి గనుక వాటిని మళ్లీ చెప్పను. శ్రుతి విషయంలో మాత్రం, మన భజన మందిరాల్లో ఏళ్ల తరబడి నన్ను కలతపెడుతున్న పొరపాటు ఒకటుంది. ముందుపాట పాడేవారు తమ గొంతు ఎక్కడ బాగా మెరుస్తుందో అక్కడ శ్రుతి పెట్టుకుంటారు. హార్మోనియం దగ్గర కూర్చున్న యువకుడు నాలుగు శ్రుతి (అంటే పాటకు ఆధారమైన షడ్జమం, ‘స’, నాలుగో తెల్ల మెట్టు మీద) పెట్టి పల్లవి ఎత్తుకుంటాడు. మొదటి వరుస ఘనంగా వినిపిస్తుంది. అనుపల్లవికి వచ్చేసరికి పెద్దవాళ్లు పాడడం ఆపి తాళాలు మాత్రం వాయిస్తుంటారు, ఆడవాళ్లు పెదవులు కదుపుతారు గాని గొంతు రాదు, చరణానికి ఒక్క గొంతే మిగులుతుంది. చివరికి అందరూ "ఎంత బాగా పాడాడు" అంటారు. ఆ మెప్పు విని అతడు మరుసటి వారం కూడా అదే శ్రుతి పెడతాడు. ఇందులో దురుద్దేశం ఉందని నేను అనను. కానీ అతడు తనకు తెలియకుండానే ఇరవై మంది నోటి నుంచి నామం తీసేశాడు.

లెక్క చూడండి. ఒకటి శ్రుతి నుంచి నాలుగుకు వెళ్లడమంటే నల్లవీ తెల్లవీ కలిపి ఐదు మెట్లు పైకి జరగడం. ఒకటి శ్రుతిలో మగవారికి తారస్థాయి షడ్జమం (పై ‘స’) హాయిగా అందుతుంది. నాలుగులో అదే షడ్జమానికి మెడ నరాలు బిగుసుకుంటాయి, పంచమం దాకా వెళితే అసలు అందదు. ఆడవారు ముందుపాట పాడేటప్పుడు చిక్కు మరో రకంగా వస్తుంది. కచేరీలో ఆడవారికి ఐదు, ఐదున్నర (ఐదు తరువాతి నల్ల మెట్టు) సహజమైన శ్రుతులు. కానీ భజనలో ఐదు పెడితే మగవారు పైస్థాయిలో పాడలేరు, కింది స్థాయికి దిగితే మంద్రంలో వారి గొంతు వినిపించదు. ఒకటి లేదా ఒకటిన్నరలో, మంద్ర పంచమం నుంచి తార షడ్జమం వరకు మాత్రమే తిరిగే నామం అయితే ఆడవారు ఒక స్థాయిలో, మగవారు దాని కింది స్థాయిలో కలిసి పాడగలరు. నేను ఒకటిన్నరే పెడతాను. శీతాకాలం తెల్లవారుజామున ఒకటికి దిగుతాను. తార గాంధారం (పై ‘గ’) దాటే కీర్తనలను భజనలో ఎత్తుకోను, ఇంట్లో దీపం పెట్టాక ఒంటరిగా పాడుకుంటాను. మైకులో ప్రతిధ్వని పెట్టడం కూడా నాకు సమ్మతం కాదు. దానివల్ల వంత వారికి వరుస ఎక్కడ ముగిసిందో తెలియదు.

వరుస ముగించడంలోనూ జాగ్రత్త కావాలి. ఆదితాళంలో ఎనిమిది అక్షరాల (దెబ్బల) వరుసను ఎనిమిదో అక్షరం చివరి దాకా సాగదీసి, దాని మీద ఒక గమకం (స్వరాన్ని ఊపడం) వేస్తే వంత వారికి ఊపిరి తీసుకునే చోటు ఉండదు. ఆరో అక్షరానికి సాహిత్యం ముగించి, మిగిలిన రెండు దెబ్బలూ తాళాలకు వదిలేయండి. ఆ ఖాళీలో సంగతి (అదే వరుసను మార్చి పాడే మెలిక) వేయాలని చేతులు, గొంతు ఉవ్విళ్లూరుతాయి. అక్కడ ఆగడమే ఈ పాఠంలో అన్నిటికంటే కష్టమైన సాధన.

మన ఒడిశా సరిహద్దు ప్రాంతంలో ఇది మరీ ముఖ్యం, ఎందుకంటే వంత వారిలో సగం మంది ఒడియా వారు. వారి కార్తికం ఆశ్వయుజ పౌర్ణమి మరునాడు మొదలై కార్తిక పౌర్ణమితో ముగుస్తుంది, మనది దీపావళి అమావాస్య మరునాడు మొదలై తరువాతి అమావాస్య దాకా ఉంటుంది. రెండూ కలిపి పాటించే వీధుల్లో నెలన్నర భజన సాగుతుంది. అన్ని రోజులు మనతో కూర్చునే ఒడియా పిన్నమ్మకు తెలుగు చరణం నోరు తిరగకపోవచ్చు, నామం మాత్రం వస్తుంది. పల్లవిని రెండుసార్లు కాదు, నాలుగుసార్లు ఇవ్వండి.

కీర్తనలో పేరు గురించి బరంపురం నుంచి ఒకరు అడిగారు. వాగ్గేయకారులు తమ పేరే ముద్రగా (రచన ఎవరిదో తెలిపే గుర్తుగా) పెట్టుకున్నారు కదా, అది కీర్తి కోసం కాదా అని. అన్నమయ్య తన పేరు పెట్టుకోలేదు, వేంకటేశుని పేరే ఆయన ముద్ర. ఆ సంకీర్తనల రాగిరేకులు 1922లో బయటపడేదాకా వాటిలో చాలా భాగం ఎవరికీ తెలియదు. త్యాగరాజు తన పేరు పెట్టుకున్నారు, అయితే ఆ పేరు వచ్చే చోట ఆయన స్వామి ముందు చేతులు జోడించి మొరపెట్టుకునే భక్తుడు. పేరు ఉండడంలో దోషం లేదు, అది ఏ స్వరంతో వస్తున్నదో చూడాలి. భజన అయ్యాక ఎవరైనా మెచ్చుకుంటే "అబ్బే, నాదేముంది" అని వాదించకండి, దానివల్ల ఆ మాట ఇంకా సాగుతుంది. నమస్కారం పెట్టి చాపలు చుట్టడానికి వెళ్లండి.

ఇక అభ్యాసం. మీ ఊళ్లోనో పక్క ఊళ్లోనో ఒక పగలూ రాత్రీ ఆగకుండా జరిగే ఏకాహంలో, ఒడియా వారైతే అష్టప్రహరి అంటారు, రాత్రి రెండు నుంచి నాలుగు వరకు ముందుపాట మీకు ఇమ్మని అడగండి. ఆ వేళ ఎవరూ కోరుకోరు గనుక తప్పక ఇస్తారు. హరే రామ, హరే కృష్ణ అనే పదహారు నామాల మంత్రాన్ని ఒకే రాగంలో, ఒకటిన్నర శ్రుతిలో, ఒక్క సంగతి కూడా వేయకుండా ఆ రెండు గంటలూ పాడండి. ఫోన్‌లో రికార్డింగు పెట్టి, దాన్ని మీ దగ్గర కాకుండా చివరి వరుసలో ఉంచండి. మరునాడు విన్నప్పుడు మీ గొంతును పట్టించుకోకుండా వంతను మాత్రమే వినండి. వంత పలచబడిన ప్రతి చోటా సమయం రాసుకుని, ఆ క్షణానికి ముందు మీరు ఏం చేశారో పక్కన రాయండి. వేగం పెంచారా, వరుస సాగదీశారా, గొంతు హెచ్చించారా? ఆ కాగితం దగ్గర పెట్టుకునే మిశ్రచాపు మొదలుపెట్టండి.