నిమ్మ చెట్టుకు బ్యాటరీ రంపమా, చేతి రంపమా?

గూడూరు, పొదలకూరు వైపు నిమ్మతోటకు బ్యాటరీ రంపం కొనే ముందు చెట్టులో తీయాల్సిన కొమ్మలు ఎంత లావున్నాయో చూసుకోండి. నిమ్మలో ఎక్కువగా తీసేవి ఎండుపుల్లలు, నిటారుగా లేచే నీటి కొమ్మలు, నేలకు తగిలేవి. రెండు సెంటీమీటర్ల లోపు వాటికి కత్తెర చాలు. ఐదు దాకా చేతి రంపమే మేలు. అంతకు మించిన ఎండు మోడులకూ, ఉలవపాడు మామిడిలో కాయ కోత అయ్యాక తీసే కొమ్మలకూ బ్యాటరీ రంపం పనికొస్తుంది. నాలుగంగుళాల బార్ (గొలుసు చుట్టూ తిరిగే ఇనుప పట్టీ) ఉన్న దానితో ఏడు సెంటీమీటర్ల లావు దాటితే ఇబ్బందే.

సన్న కొమ్మకు గొలుసు తగిలితే కొమ్మ తెగకుండా ఊగుతుంది. బెరడు చీలుతుంది, లేదా పుల్ల ఇరుక్కుని గొలుసు బార్ మీంచి జారిపోతుంది.

నిమ్మలో చేతి రంపమే ముందు అనడానికి అసలు కారణం గజ్జి తెగులు. ఇది బ్యాక్టీరియా తెగులు, పనిముట్ల ద్వారా కూడా చెట్టు నుంచి చెట్టుకు పాకుతుంది. చేతి రంపాన్ని స్పిరిట్ గుడ్డతో తుడిస్తే సరిపోతుంది. గొలుసు సందుల్లో నూనె, పొట్టు కలిసి గడ్డకట్టి ఉంటాయి, అది ఏ గుడ్డకూ రాదు. గజ్జి ఉన్న చెట్టు మీద బ్యాటరీ రంపం పెట్టకండి. ఆకులు తడిగా ఉన్నప్పుడు అసలు కోయకండి.

లావు కొమ్మను ఒక్క కోతతో తీస్తే బరువుకు విరిగి, కాండం బెరడును కూడా లాక్కుపోతుంది. కాండానికి జానెడు దూరంలో కింది నుంచి మూడో వంతు కోయండి. దానికి రెండు అంగుళాలు అవతల పైనుంచి కోసి కొమ్మను పడేయండి. మిగిలిన మోడును మొదట్లో ఉబ్బెత్తుగా ఉండే భాగాన్ని ఆనుకుని తీసేయండి. ఆ ఉబ్బు తెగకూడదు, గాయం మూసుకునేది అక్కడి నుంచే. చేతి రంపం లాగేటప్పుడు కోసే రకమైతే తోసేటప్పుడు బలం పెట్టకండి, పలక వంగిపోతుంది.

బ్యాటరీ తీశాకే గొలుసు బిగువు చూడాలి. బార్ మధ్యలో పైకి లాగితే కాస్త లేవాలి, లోపలి పళ్లు గాడి దాటి బయటికి రాకూడదు. కొత్త గొలుసు త్వరగా సాగుతుంది, మొదటి నాలుగైదు కోతలకే మళ్లీ బిగించాలి. చిన్న రంపాల్లో చాలావాటికి నూనె దానంతటది రాదు, కొద్దిసేపటికోసారి చుక్కలు వేస్తుండాలి. పొట్టుకు బదులు పిండి రాలుతుంటే గొలుసు మొద్దుబారినట్టే. బార్ కొనతో కోయకండి, రంపం ఎగిరి మొహం మీదికొస్తుంది. నిచ్చెన మీద ఒంటి చేత్తో అసలే వద్దు. మన ఎండల్లో బ్యాటరీని నీడన ఉంచి, చల్లారాకే చార్జింగ్ పెట్టండి.

లావు కోతలకు తెగుళ్లు పట్టకుండా అదే రోజు బోర్డో పేస్ట్ (మైలుతుత్తం, సున్నం కలిపిన పూత) పూయాలి. కిలో మైలుతుత్తం ఐదు లీటర్ల నీళ్లలో, కిలో సున్నం మరో ఐదు లీటర్లలో, ప్లాస్టిక్ బకెట్లలో విడివిడిగా కలిపి, తర్వాత రెండూ ఒకటి చేయండి. శుభ్రమైన ఇనుప కత్తి ముంచి చూడండి. అంచున ఎర్రటి పూత పడితే ఇంకాస్త సున్నం కలపాలి. మిగిలింది మర్నాటికి దాచకండి.