అమెరికాలో మీ సిటీ పోలీసుల మీద పౌరుల నిఘా బోర్డు: ఎక్కడ మొదలుపెట్టాలి

2023 జనవరిలో సియాటెల్‌లో రోడ్డు దాటుతున్న మన తెలుగు స్టూడెంట్‌ని పోలీస్ కారు గుద్ది చంపేసింది, 25 మైళ్ళ లిమిట్ ఉన్న రోడ్డు మీద ఆ ఆఫీసర్ 74 దాకా లాగించాడు. ఆ చావు గురించి నవ్వుతూ మాట్లాడిన ఇంకో ఆఫీసర్ మీద విచారణ జరిపింది పోలీసు కాని డైరెక్టర్ కింద నడిచే ఆఫీసు, 2024 జులైలో వాడి ఉద్యోగం పోయింది. ఆ ఆఫీసు అక్కడ ముందు నుంచే ఉంది. అలాంటి ఆఫీసో, పోలీసుల మీద ఫిర్యాదులు చూసే పౌరుల బోర్డో మీ సిటీలో ఉందా? అదే ముందు కనుక్కోండి.

ఉంటే దాన్ని పెట్టిన ఆర్డినెన్స్ (సిటీ చట్టం) తెరిచి చదవండి, పేరు చూసి మోసపోకండి. సొంత ఇన్వెస్టిగేటర్లు ఉన్నారా, సాక్షుల్నీ కాగితాల్నీ రప్పించే సబ్‌పీనా పవర్ ఉందా, బోర్డు శిక్ష వేయమంటే పోలీస్ చీఫ్ వినాలా లేక పక్కన పెట్టేయొచ్చా, ఇవి చూడాలి. ఇక డబ్బు! బడ్జెట్ కోసేస్తే ఎంత మంచి బోర్డైనా ఫైళ్ళ గుట్టే. అందుకే న్యూయార్క్ వాళ్ళు 2019లో ఓటేసి మరీ, పోలీసు బలగంలో 0.65 శాతానికి సమానంగా బోర్డు స్టాఫ్ ఉండేలా చార్టర్‌లో, అంటే సిటీ మూల చట్టంలో, రాయించుకున్నారు. అదే ఊళ్ళో 1966లో పోలీస్ యూనియన్ రెఫరెండం (జనం ఓటు) పెట్టి పౌరులున్న బోర్డుని తీయించేసింది, పూర్తిగా పౌరులతోనే బోర్డు రావడానికి 1993 దాకా పట్టింది.

బోర్డు లేకపోతే కొత్తగా కనిపెట్టక్కర్లేదు, మీ ఊళ్ళో నల్లజాతి వాళ్ళ చర్చిలు, సంఘాలు చాలాచోట్ల ఎప్పట్నుంచో దీని కోసం తిరుగుతూనే ఉంటాయి. వాళ్ళ మీటింగ్‌కి వెళ్ళండి, మొదటి రెండు మూడుసార్లు ఊరికే వినండి. నల్లజాతి వాళ్ళ గురించి మనింట్లో మాట్లాడే మాటలు కూడా మారాలి, అది మార్చుకోకుండా మనకి కష్టమొచ్చినప్పుడే వెళ్ళి నిలబడితే ఎవరు నమ్ముతారు చెప్పండి. చికాగోలో అలా ఏళ్ళ తరబడి తిరిగితేనే 2021లో ఆర్డినెన్స్ వచ్చింది, 2023లో 22 పోలీస్ డిస్ట్రిక్టుల్లో ముగ్గురేసి చొప్పున కౌన్సిల్ సభ్యుల్ని జనమే ఎన్నుకున్నారు.

సిటీ కౌన్సిల్ మీటింగ్‌లో జనానికి మాట్లాడే టైమ్ ఇస్తారు, దాన్నే పబ్లిక్ కామెంట్ అంటారు; అందులో మాట్లాడ్డానికి మామూలుగా సిటిజన్‌షిప్ అడగరు, హెచ్‌వన్ మీద ఉన్నా మాట్లాడొచ్చు. టైమ్ రెండు మూడు నిమిషాలే ఇస్తారు, కాబట్టి ఒక్క డిమాండే పట్టుకోండి, కాగితం మీద రాసుకుని ఇంట్లో ఒకసారి చదివి చూసుకోండి. పోలీస్ యూనియన్ కాంట్రాక్ట్ ఎప్పుడు అయిపోతుందో కూడా కనుక్కోండి, క్రమశిక్షణ రూల్స్ చాలావరకు అందులోనే ఇరుక్కుని ఉంటాయి, బేరాలు మొదలవక ముందే కౌన్సిల్ మెంబర్‌ని కలవాలి.