పాత రాక్ పాటలు గిటార్ మీద, 4వ పాఠం: ఆ పన్నెండు మీటులు, మళ్లీ మొదటి నుంచి

ఈసారి చరణంలోకి వెళ్లాలి. వెళ్లడం లేదు. పోయిన పాఠంలో డీప్ పర్పుల్ బ్యాండు వాళ్ల ‘స్మోక్ ఆన్ ది వాటర్’ రిఫ్ (పాటలో తిరిగి తిరిగి వచ్చే చిన్న గిటార్ వరస) ఇచ్చి, ఇది అందరికీ వచ్చేదే కదా అని నాలుగు ముక్కల్లో తేల్చేశాం. మీరు పంపిన రికార్డింగులు వింటే అది అలా తేల్చేసే సంగతి కాదని తెలిసింది. స్వరాలు దాదాపు అందరివీ సరిగ్గానే ఉన్నాయి. అయినా వినపడేది ఆ పాట కాదు, పెళ్లి ఊరేగింపులో బ్యాండు మేళం వాయించినట్టుంది.

కారణం ఒక్కటే. మీరు వాయించింది రికార్డులో ఉన్న రిఫ్ కాదు, మీ జ్ఞాపకంలో ఉన్నది. ఏళ్ల తరబడి కూనిరాగం తీసిన పాటలో స్వరం చెడదు, లయ చెడుతుంది.

ముందు స్వరాలు ఒకసారి చూసుకుందాం. గిటార్ మామూలు శ్రుతిలోనే ఉండాలి. డి, జి తీగలు రెండూ కలిపి మీటాలి. అంకెలు ఫ్రెట్‌లు (గిటార్ మెడ మీద అడ్డంగా ఉండే మెట్లు), సున్నా అంటే ఏమీ నొక్కని తీగ.

0 3 5
0 3 6 5
0 3 5 3 0

కర్ణాటక సంగీతం కాస్త వచ్చినవాళ్లు జి ని షడ్జమం అనుకోండి. స గ మ, స గ మి మ, స గ మ గ స. గాంధారం సాధారణ గాంధారం, మధ్యమం శుద్ధ మధ్యమం. రెండో వరసలో మాత్రం ప్రతి మధ్యమం ఒక్కసారి తొంగిచూసి శుద్ధ మధ్యమంలోకి దిగిపోతుంది. పాట నడిచేది జి తీగ మీద. డి తీగ దాని కింద మంద్ర పంచమం నుంచి మొదలై అవే అడుగులు వేస్తుంది.

ఇక్కడే మొదటి తప్పు. సగం మంది పవర్ కార్డులు (ఒక స్వరం, దాని పైన పంచమం కలిపి పట్టేవి) పట్టారు, మందపు ఇ తీగ 3, ఎ తీగ 5. అలా పడితే పాట నడిచే స్వరం కిందికి పోయి, పంచమం పైకెక్కి కూర్చుంటుంది. పైగా పాట నడిచే ఆ స్వరం ఏకంగా ఒక స్థాయి కిందికి దిగుతుంది. మీ జి 98 హెర్ట్జ్, రికార్డులో జి 196. ‘రెండు సన్నతీగలే అయితే పలచగా ఉంది’ అన్నారు కొందరు. ఆ బరువు చేతితో వచ్చేది కాదు, యాంప్ (గిటార్ శబ్దాన్ని పెంచే పెట్టె) ఇచ్చేది. డి 147, జి 196 కలిసి డిస్టార్షన్‌లోకి (యాంప్ శబ్దాన్ని గరగరలాడించే చోటికి) వెళ్తే వాటి తేడా 49 హెర్ట్జ్ కూడా పుడుతుంది. అదీ జి నే, రెండు స్థాయిల కింద. మందపు తీగలు ముట్టుకోనక్కర్లేదు. అకూస్టిక్ గిటార్ ఉన్నవాళ్లకు ఈ సౌకర్యం లేదు, పలచగానే ఉంటుంది, సర్దుకోవాలి.

పిక్ (తీగ మీటే చిన్న బిళ్ల) పక్కన పెట్టండి. అప్పటి డీప్ పర్పుల్ గిటారిస్టు రిచీ బ్లాక్‌మోర్ ఈ రిఫ్‌ను ఎక్కువగా వేళ్లతోనే మీటేవాడు. బొటనవేలు డి మీద, చూపుడువేలు జి మీద, రెండూ ఒక్కసారే లాగాలి. పిక్‌తో కిందికి కొడితే డి ముందు, జి వెంట్రుకవాసి తర్వాత పలుకుతాయి. ఆ వెంట్రుకవాసే మొత్తాన్ని బండగా చేస్తుంది.

ఎడమచెయ్యి: 3 కి చూపుడువేలు రెండు తీగల మీదా అడ్డంగా, 5 కి ఉంగరం వేలు అలాగే. 6 కి చిటికెన వేలు వాడమని పుస్తకాల్లో ఉంటుంది. వద్దు. ఉంగరం వేలే 6 మీద వేసి, ఎత్తకుండా 5 కి జరిపి మళ్లీ మీటండి. చిటికెన వేలు రెండు తీగలను సమంగా నొక్కలేదు, ఒకటి బుస్సుమంటుంది.

ఇక అసలు ఉచ్చు. దీని మీద ఎక్కువసేపు ఉంటాం, ఎందుకంటే వచ్చిన రికార్డింగుల్లో దీన్ని తప్పించుకున్నవి రెండే.

ఆది తాళం వేయండి. లఘువు: దెబ్బ, చిటికెన, ఉంగరం, మధ్య. తర్వాత దెబ్బ, విసురు, దెబ్బ, విసురు. ఎనిమిది అక్షరాలు. ప్రతి అక్షరాన్నీ ‘త క’ అని రెండు ముక్కలు చేయండి. రిఫ్ మొత్తం సరిగ్గా రెండు ఆవర్తనాలు.

మొదటి ఆవర్తనం: 1వ అక్షరం ‘త’ మీద స, 2 ‘త’ మీద గ, 3 ‘త’ మీద మ, సాగదీయాలి. ఇంతవరకు ఎవరూ తప్పలేదు. తర్వాతి స ఎక్కడ? 5వ అక్షరం దెబ్బ మీద అనుకుంటారు. కాదు. 4వ అక్షరం ‘క’ మీద, అంటే మధ్యవేలు లెక్కపెట్టాక, దెబ్బ పడకముందే. గ 5 ‘క’ మీద, మి 6 ‘క’ మీద. మ మాత్రం 7 ‘త’ మీద, దెబ్బతో పాటు పడి 8 దాకా సాగుతుంది.

రెండో ఆవర్తనం: స గ మ మళ్లీ 1, 2, 3 ‘త’ల మీద. గ 4 ‘క’ మీద, స 5 ‘క’ మీద. అక్కడి నుంచి ఆవర్తనం చివరిదాకా సాగదీయడమే.

మీరంతా చేసింది స ను 5 ‘త’ మీదికి నెట్టడం. దాంతో గ 6 కి, మి 7 కి, మ 7 ‘క’ కి పోయాయి. ప్రతి మీటూ అర అక్షరం ఆలస్యం. ఒంటరిగా వాయిస్తే ఈ తేడా తెలియదు, అన్నీ సమంగా నడుస్తున్నాయి కాబట్టి ఇంకా బాగుందనిపిస్తుంది కూడా. డ్రమ్స్ కలిశాక బయటపడుతుంది. 7 మీద శుద్ధ మధ్యమం దిగాల్సిన చోట మీరు ఇంకా ప్రతి మధ్యమం దగ్గరే ఉంటారు. రికార్డులో ముందు గిటార్ ఒక్కటే, తర్వాత హై-హ్యాట్ (డ్రమ్స్‌లో కాలితో మూసి తెరిచే జంట తాళాలు), ఆర్గాన్, ఆపైన మిగతా డ్రమ్స్, చివరికి బాస్ వస్తాయి. హై-హ్యాట్ మొదలైన చోట ఆపి ఆపి వినండి, మీ తప్పు మీకే దొరుకుతుంది. 1972లో వచ్చిన ‘మెషిన్ హెడ్’ ఆల్బమ్‌లోదే వినండి, కచేరీ రికార్డింగులు ఇప్పుడొద్దు.

నెమ్మదిగా, భారంగా లాగడం ఇంకో అలవాటు. పాటలో ఉన్నది 1971 డిసెంబరు 4న స్విట్జర్లాండ్‌లోని మాంట్రూలో అమెరికన్ రాక్ సంగీతకారుడు ఫ్రాంక్ జప్పా కచేరీ మధ్యలో క్యాసినో తగలబడిన సంగతే, నిజమే. కానీ అదే ఊళ్లో ఒక థియేటర్‌లో ఈ పాట వాయిద్యాల భాగం రికార్డు చేస్తుంటే, గోల భరించలేక చుట్టుపక్కల వాళ్లు ఫిర్యాదు చేశారు, పోలీసులు వచ్చారు. శోకగీతం వాయిస్తే ఎవరూ పోలీసుల్ని పిలవరు. వేగం నిమిషానికి సుమారు 112 అక్షరాలు.

ఒక చిన్న సంగతి మిగిలింది. మొదటి రెండు మీటులూ పొట్టిగా తెగాలి. నొక్కిన తీగ అయితే వేలు వదులు చేస్తే ఆగుతుంది, ఏమీ నొక్కని తీగ అలా ఆగదు. ఎడమచేతి వేళ్లు రెండు తీగల మీద పడీపడనట్టు ఆనించాలి. అది కుదరకపోతే దొంగదారి ఉంది: ఎ, డి తీగల మీద 5 8 10, 5 8 11 10, 5 8 10 8 5. అవే స్వరాలు, అదే స్థాయి. అన్నీ నొక్కినవే కాబట్టి ఆపడం సుళువు. మా ఓటు దీనికే.

సాధన. గిటార్ ముట్టకుండా తాళం వేస్తూ నోటితో ఇరవై సార్లు. తర్వాత గిటార్‌తో మెట్రోనోమ్ (సమంగా చప్పుడు చేసే లయ యంత్రం) 60 దగ్గర మొదలుపెట్టి, ప్రతి వేగంలో వరసగా ఎనిమిది సార్లు తప్పు లేకుండా వస్తేనే 4 పెంచుతూ 112 దాకా. అది వచ్చాక 112 లోనే ఉంచి, మెట్రోనోమ్ చప్పుడును ‘త’ అనుకోవడం మానేసి ‘క’ అనుకుని వాయించండి. 4, 5, 6 అక్షరాల మీటులు చప్పుడుతో కలవాలి, మిగతావన్నీ రెండు చప్పుళ్ల నడిమధ్యన పడాలి. వారం పడుతుంది, పట్టనివ్వండి.

ఈసారి పంపే రికార్డింగులో మెట్రోనోమ్ చప్పుడు వినపడాలి. అది లేకపోతే మీరు ఆలస్యమో, మేం తొందరో చెప్పలేం.